ఉక్కునగరంలో ఒక ఒడుగు

రాజధానిలో కూర్చుండి వ్రాసేవాడికి ఒక దురభ్యాసం అబ్బుతుంది. దేశంలో ఏది జరిగినా దాని మూలం పార్లమెంటు భవనంలోనో, మంత్రిత్వశాఖల నడవాలలోనో ఉండి తీరుతుందని నమ్మడమే ఆ అభ్యాసం. కడచిన ఫాల్గుణ మాసంలో పురుషోత్తమ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి జంషెడ్‌పూర్ వెళ్ళి, మా మేనల్లుని ఉపనయనం చూచి వచ్చిన తరువాత నాకు ఆ నమ్మకం కొంత సడలినది. కనుక ఈ వారం మంత్రివర్గ ఊహాగానాలకు సెలవిచ్చి, పాఠకులతో ఒక ఇంటి వేడుక ముచ్చటించదలచాను. ఇంటి వేడుక అన్నంత మాత్రాన ఇందులో రాజకీయం లేదని అనుకోవద్దు. ఉన్నచోట కావలసినంత ఉన్నది.

జంషెడ్‌పూర్‌కు తెలుగువారు కొత్తవారు కారు. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడిన పిమ్మట సుబర్ణరేఖ, ఖర్కాయి నదుల నడుమ, సాక్చి పల్లె చెంత కర్మాగారం లేచినది. 1912లో తొలి ఉక్కు దిమ్మ వెలువడినది. 1919 జనవరిలో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్జీ టాటా పేరు పెట్టగా, కాళీమాటి స్టేషను టాటానగర్ అయినది. బెంగాల్-నాగపూర్ రైలుమార్గం వెంబడి ఉత్తరాంధ్ర పల్లెలనుంచి కూలికీ, కొలువుకూ వచ్చిన మనవారు అక్కడే స్థిరపడ్డారు. బిస్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం గోపురం చూచినవాడికి తాను ఏ రాష్ట్రంలో ఉన్నాడో ఒక క్షణం సందేహం కలుగకపోదు.

మా బావగారి తండ్రిగారు ఆ ఊరిలోనే పుట్టి, ఆ కర్మాగారంలోనే పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఇంటిల్లిపాదీ ఆయనను పెద్దాయన అంటారు. ఆయన తండ్రి నరసన్నపేట ప్రాంతంనుంచి ఒక మరచెంబు, ఒక దుప్పటి పట్టుకుని వచ్చారట. మనవడి ఒడుగు తన చేతుల మీదుగా జరగాలని పెద్దాయన కోరిక. మేనమామను గనుక నాకూ పిలుపు వచ్చినది. పది రోజులు ముందుగా రమ్మని మా అక్కయ్య ప్రత్యేకించి వ్రాసినది. కారణం వ్రాయలేదు. వెళ్ళిన పూటనే తెలిసినది.

మూడు వేల వస్తువుల లెక్క

కారణం వటువే. పన్నెండేళ్ళవాడు. వంట కాంట్రాక్టరు ఇచ్చిన అంచనా కాగితం వాడి చేతికి చిక్కినది. అతిథులు అయిదు వందలమంది. మనిషికి ఒక పళ్ళెం, రెండు గిన్నెలు, ఒక చెంచా, ఒక గ్లాసు, ఒక నీళ్ళ సీసా. గ్లాసు కాగితానిదని వ్రాసి ఉన్నది గాని, నీరు కారకుండా లోపల ప్లాస్టిక్ పూత ఉంటుందని పిల్లవాడికి బడిలో చెప్పారు. ఆరు అయిదులు ముప్ఫయి. మూడు వేల వస్తువులు. ఒక్క పూట వాడుక. తరువాత?

"మామయ్యా, ఆ రోజు నేను భిక్ష అడగాలట గదా. భిక్ష అడిగేవాడు మూడు వేల వస్తువులు పారవేయించవచ్చునా?" అని వాడు నన్ను అడిగాడు.

పత్రికా సమావేశాలలో మంత్రులను ఇరకాటపెట్టే ప్రశ్నలు వేయడం నా వృత్తి. ఇటువంటి ప్రశ్న నేను ఏనాడూ వేసినట్టు జ్ఞాపకం లేదు. ఒడుగు అంటే ఏమిటి? పిల్లవాడిని గురువు దగ్గరకు చేర్చడం. మోదుగ కర్ర చేతికిచ్చి, ముంజగడ్డి మొలత్రాడు కట్టి, ఇల్లిల్లూ తిరిగి బిచ్చమెత్తి చదువుకోమని చెప్పడం. తక్కువతో బ్రతకడానికి తొలి పాఠం అది. అటువంటి పాఠానికి మనం పందిరి నిండా థర్మోకోలు తోరణాలూ, వీధి మొగలో ఫ్లెక్సీ బొమ్మలూ కట్టి ప్రారంభోత్సవం చేస్తున్నాము.

మా బావగారు ఇంజనీరు; లెక్క తప్పించుకునే మార్గం వెంటనే కనిపెట్టారు. అతిథులను నూరుమందికి కుదిస్తే సమస్యలో అయిదింట నాలుగు వంతులు తీరిపోతుందన్నారు. న్యాయమైన మాటే. కాని పెద్దాయన ముఖం చూడగానే అది ఎంత కష్టమైన మాటో నాకు అర్థమయినది.

"ఎవరిని మానమంటావు, నాయనా?" అని ఆయన పాత నోటుపుస్తకం ఒకటి తెచ్చి నా ముందు పెట్టారు. కద్మా, సోనారీ, బిస్టుపూర్, సాక్చి, గోల్మురి, టెల్కో — పేటల వారీగా పేర్లు. "1958లో సమ్మె జరిగింది. నేను బడికి పోయే పిల్లవాణ్ణి. మా నాన్న సమ్మెలో ఉన్నాడు. మా ఇంట పొయ్యి రాజని రోజున ఎవరింట అన్నం వార్చితే వారింట తిన్నాము. ఆ ఇళ్ళ వాళ్ళంతా ఇందులో ఉన్నారు. నీ కంటికి ఇవి పేర్లు. నాకు బాకీలు."

పర్యావరణాన్ని గూర్చి రాజధాని సదస్సులలో వినిపించే ఉపన్యాసాలకు ఈ నోటుపుస్తకం సంగతి తెలియదు. దుబారా అని మనం తేలికగా కొట్టిపారవేసే విందు వెనుక, వలస వచ్చిన మనిషికి మరొక లెక్క ఉంటుంది. ఊరుగాని ఊరిలో బీమా లేదు, భూమి లేదు, బంధుబలగం లేదు. విస్తరి వేసి పిలిచిన వారే బలగం. నీవు నూరుమందినే పిలిస్తే పర్యావరణానికి మేలు కావచ్చును. తక్కిన నాలుగు వందల ఇళ్ళలో ఒక ముసలివాడి మాట పోతుంది. పిల్లవాడి ప్రశ్నా న్యాయమే, తాతగారి పుస్తకమూ న్యాయమే. రెండు న్యాయాల మధ్య తగవు తీర్చడం కంటె, న్యాయానికీ అన్యాయానికీ మధ్య తీర్చడం సులభం.

హుమాయూన్ రోడ్డు నుంచి ఒక మాట

ఆ రాత్రి ఆలోచిస్తుంటే నాకు ఢిల్లీలోని హుమాయూన్ రోడ్డు గుర్తుకు వచ్చినది. అక్కడ 1956లో నెలకొన్న జూడా హయ్యమ్ ప్రార్థనాలయం ఉన్నది. రాజధానిలోని కొద్దిమంది యూదులకు అదే ఆలయం. యూదుల మతం మనకు బొత్తిగా దూరమనీ అనడానికి లేదు. మన గుంటూరు ప్రాంతంలో, చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే పేరుతో యూదు ఆచారాలు పాటించే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. పదమూడేళ్ళు నిండిన యూదు బాలుడు సభలో ధర్మగ్రంథం చదివి, తన నడతకు తానే బాధ్యుడు అవుతాడు. దానిని బార్ మిత్స్వా అంటారు. మన ఒడుగుకు దగ్గరి చుట్టం వంటిది.

ఆ వేడుక కూడా అమెరికా వంటి సంపన్న దేశాలలో హోటళ్ళ విందుగా, నాట్యశాలగా మారి, ఇప్పుడు అక్కడి కుటుంబాలే కొన్ని దానిని తిరిగి అదుపులోకి తెచ్చుకునే యత్నంలో ఉన్నాయి. అందుకు వారు కొత్త సిద్ధాంతం వెదకనక్కరలేకపోయినది. శత్రువు పట్టణాన్ని ముట్టడించినప్పుడు కూడా ఫలవృక్షాలను నరకరాదని వారి ధర్మశాస్త్రంలో ఒక విధి ఉన్నది. దాని నుంచే, నిష్కారణంగా దేనినీ పాడుచేయరాదనే నియమాన్ని వారి పండితులు తీశారు. మధ్యయుగాలలో ఐరోపా యూదు సంఘాలు కొన్ని విందులకు రాదగిన అతిథుల సంఖ్యను తామే నిర్ణయించుకున్నాయి కూడా. ఆచారం మారడానికి వీలులేని శిలాశాసనమని అనేవారికి మరొక సంగతి: ఆడపిల్లకు ఆ సంస్కారం అమెరికాలో తొలిసారి జరిగినది 1922 మార్చిలో, న్యూయార్కులో, మోర్దెకై కప్లాన్ అనే మతాచార్యుడు తన కుమార్తె జూడిత్‌కు జరిపించాడు. ఈనాడు అది ఇంటింటి ఆచారం.

ఈ కథ మరునాడు కాఫీల వేళ చెప్పాను. మేనల్లుని చెల్లెలు, పదేళ్ళ పిల్ల, శ్రద్ధగా విని, "మరి నాకేం చేస్తారు?" అన్నది. ఎవరూ సమాధానం చెప్పలేదు. ఒడుగు కొన్ని కులాలకే, అందునా మగపిల్లలకే పరిమితమైన సంస్కారమన్న సంగతి మరచి, దానికి పచ్చరంగు పూసినంత మాత్రాన సర్వమూ సంస్కరించినట్టు కాదని ఆ పిల్ల ఒక్క మాటతో గుర్తుచేసినది. ఆ బాకీ అలాగే ఉన్నది.

బొట్టుపెట్టి పిలిచిన పిలుపు

చిక్కు విప్పినది మా అక్కయ్య అత్తగారు. "కార్డులెందుకు? మా పెళ్ళికి ఎవరు కార్డులు పంచారు? ఇంటింటికీ వెళ్ళి బొట్టుపెట్టి పిలిచాము. మీరూ మనవడూ వెళ్ళి పిలవండి. మీ బాకీలన్నీ వాడికి చూపించినట్టూ ఉంటుంది" అన్నదామె.

తాతా మనవడూ బయలుదేరారు. ఎండ ఎక్కకముందు రెండు పేటలు, పొద్దువాలిన తరువాత ఒక పేట. నేనూ రెండు రోజులు వెంట తిరిగాను. జంషెడ్జీ టాటా 1902లో కుమారుడు దొరాబ్జీకి వ్రాసిన ఉత్తరంలో, కట్టబోయే పట్టణానికి విశాలమైన వీధులూ, వాటి వెంట నీడనిచ్చే చెట్లూ ఉండాలని కోరాడు. ఆ చెట్ల నీడనే నడిచాము. ఇల్లు ఇల్లూ తొక్కుతుంటే ఒక విచిత్రం బయటపడినది. నోటుపుస్తకంలోని పేర్లు చాలాచోట్ల ఇళ్ళలో లేవు. కొందరు కాలం చేశారు. కొందరు క్వార్టర్లు వదిలి విశాఖపట్నం, హైదరాబాదు చేరారు. కొందరి పిల్లలు అమెరికాలో ఉన్నారు. కార్డులు అచ్చువేసి పంచి ఉంటే ఇవన్నీ తెలిసేవి కావు. అయిదు వందల మందికి వంట జరిగేది. రెండు వందల మంది అన్నం పారబోసేవారు. పెద్దాయన ఒక్కొక్క పేరు ముందు నిలిచి, పెన్సిలుతో గీత గీచేవారు. ఆ పేరు గల మనిషి ఏనాడు ఏ సాయం చేశాడో మనవడికి చెప్పి మరీ గీచేవారు. చివరకు మిగిలినవి మూడు వందల పైచిలుకు. ఎవరినీ మానలేదు. ఎవరి మాటా పోలేదు.

పర్యావరణ పరిరక్షణకు ఏ మంత్రిత్వశాఖ పథకంలోనూ ఈ పద్ధతి చూడలేదు నేను.

ఇక విస్తళ్ళు. ఉత్తరాంధ్రలో అడ్డాకు విస్తరి ఎటువంటిదో, జార్ఖండ్‌లో సాలవృక్షపు ఆకు అటువంటిది. సాలవృక్షం ఆ రాష్ట్రవృక్షం, మోదుగ రాష్ట్రపుష్పం. వసంతంలో సర్హుల్ పండుగనాడు ఆదివాసులు సాలపూలతోనే పూజ చేస్తారు. బజారులో మొదట తెచ్చిన విస్తళ్ళు చూడ ముచ్చటగా ఉన్నాయి గాని, వేలితో గీరితే పైన పలుచని ప్లాస్టిక్ పొర లేచినది. వాపసు చేశాము. తరువాత దల్మా కొండల వైపు పల్లెలనుంచి సంతకు వచ్చే స్త్రీల దగ్గర పుల్లలతో కుట్టిన విస్తళ్ళూ దొప్పలూ కొన్నాము. అడవిలో ఏరుకునే ఆకు మీద హక్కు ఏరుకునేవారిదేనని 2006 నాటి అటవీ హక్కుల చట్టం అంటున్నది. చట్టం ఢిల్లీలో ఎంత గొప్పగా పలికినా, ఆకు కొనేవాడు లేకపోతే ఆ హక్కు ఎండుటాకే. ప్లాస్టిక్ పూత పూసిన విస్తరి ఆమె ఆకును తీసుకుని, ఆమె పనిని మాత్రం మిషనుకు ఇస్తున్నది.

మంచినీళ్ళకు కుండలు పెట్టారు. గ్లాసులూ, గరిటెలూ తెలుగువారి సంఘం ఒకదాని పాత్రసామానులో దొరికాయి. అన్నీ ఉక్కువే. ఏళ్ళ తరబడి గదిలో తాళం పెట్టి ఉన్నాయట. ఉక్కు కరిగించి దేశానికి ఇచ్చిన పట్టణంలో మనుషులు ప్లాస్టిక్ గ్లాసులతో నీళ్ళు తాగుతున్నారంటే ఎవరిని తప్పుపట్టాలి? తోముకోవడానికి నీళ్ళు ఖర్చుకావా అని బావగారు ఆక్షేపించారు. నిజమే, ఖర్చవుతాయి. తోమేవారి కూలి కూడా అవుతుంది. ఆ కూలిని ప్లాస్టిక్ సామానుకు పెట్టదలచిన డబ్బులోనుంచి ఇవ్వాలని నిర్ణయమయినది.

కృష్ణాజినం సంగతి

అసలు పరీక్ష పురోహితునితో వచ్చినది. ఉపనయనంలో వటువుకు కృష్ణాజినం, అంటే కృష్ణజింక చర్మం, ధరింపచేస్తారు. ఈనాడు చాలాచోట్ల ఆ చర్మం తునక ఒకటి జందెపుపోగుకు కట్టి సరిపెడుతున్నారు. తునక అయినా చర్మం చర్మమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కృష్ణజింకను మొదటి షెడ్యూలులో చేర్చినది. ఆ చర్మం కొనడమూ, అమ్మడమూ నేరం.

దల్మా అభయారణ్యంలో ఆదివాసులు ప్రతి వేసవిలో సెంద్రా పేరిట సంప్రదాయ వేటకు బయలుదేరుతారు. వేట మానండి, ఆచారాన్ని నామమాత్రంగా జరుపుకోండి అని అటవీ అధికారులు ఏటేటా వారికి నచ్చచెబుతారు, దారులలో కాపలా పెడతారు. ఆదివాసి తన తాతల నాటి ఆచారాన్ని సడలించుకోవాలని కోరే నాగరికులం, మన ఇంటి పందిట్లో జింకతోలు తునకను మాత్రం చూచీ చూడనట్టు ఊరుకుంటాము. చట్టం కొండ ఎక్కగలిగినంత సులభంగా పందిట్లోకి రాలేదు.

ఇది పురోహితునితో ఎలా చెప్పాలా అని మేము తటపటాయిస్తుంటే, ఆయనే తేలికగా తేల్చివేశారు. "విహిత ద్రవ్యం దొరకనప్పుడు ప్రతినిధి ద్రవ్యం శాస్త్రసమ్మతమే బాబూ. దర్భలు చాలు" అన్నారు. మీమాంసకులు ఏనాడో చర్చించి ఒప్పుకున్న సంగతి అది. మనం భయపడేటంత భయం శాస్త్రానికి లేదు.

మోదుగ కర్రకు ఎవరూ అడవికి పోలేదు. తెలిసినవారి పెరటి చెట్టునుంచి ఒక కొమ్మ తీశారు. ముహూర్తం పగటిపూట గనుక దీపాల అలంకారం అనవసరమయినది. రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకర్లు మ్రోగరాదన్న నిబంధనతోనూ పేచీ లేకపోయినది, లౌడ్‌స్పీకరే లేదు. పిల్లవాడు చెప్పిన మంత్రం మొదటి వరుసలవారికి వినిపించినది. తక్కినవారు మాట్లాడడం మానినప్పుడు వారికీ వినిపించినది.

అన్నీ సవ్యంగా జరిగాయని చెబితే అది ప్రభుత్వ ప్రకటన అవుతుంది. బంధువు ఒకాయన ప్రేమకొద్దీ నిలువెత్తు ఫ్లెక్సీ చేయించి తెచ్చారు. ఆయన మనసు నొప్పించలేక పెరటిలో కట్టారు. మధ్యాహ్నానికి కుండల దగ్గర గుంపు పెరిగి, ఎవరో రెండు పెట్టెల నీళ్ళ సీసాలు తెప్పించారు. బంతిలో కొసరి కొసరి వడ్డించినందువల్ల విస్తళ్ళలో మిగిలినది తక్కువే గాని, మిగలకపోలేదు. ఎంగిలి ఆకులు ఎరువు గుంటకు పోయాయి. మామిడాకులూ, పూలూ దోముహానీ దగ్గర నదిలో కలపబోతే పెద్దాయనే వారించి, వాటినీ గుంటలోనే వేయించారు.

చట్టం, ఇల్లు

ఢిల్లీకి తిరిగి వచ్చి పాత కాగితాలు తిరగవేశాను. విందులను అదుపు చేయాలన్న ఆలోచన రాజధానికి కొత్త కాదు. ఆహారపు కరువు కాలంలో, 1960లలో, అతిథుల సంఖ్యకు పరిమితి పెట్టే ఉత్తర్వులు వెలువడ్డాయి. 2017లో బీహారు సభ్యురాలు రంజీత్ రంజన్, పెళ్ళికి అయిదు లక్షలకు మించి ఖర్చుపెట్టేవారు అందులో పదో వంతు పేద ఆడపిల్లల వివాహాలకు ఇవ్వాలని ఒక ప్రైవేటు బిల్లు ప్రతిపాదించారు. పంజాబు సభ్యుడు జస్బీర్ సింగ్ గిల్ 2020లో తెచ్చిన బిల్లు అతిథులను నూరుమందికీ, వంటకాలను పదింటికీ పరిమితం చేయబూనినది. దాని మీద 2023 ఆగస్టులో లోక్‌సభలో చర్చ జరిగినది. రెండూ చట్టాలు కాలేదు. పెద్దాయన నోటుపుస్తకం లాంటిది దేశంలో ఇంటింటా ఉన్నప్పుడు నూరు అనే అంకె ఎంతవరకు సాగుతుందన్నది నా సందేహం.

ప్లాస్టిక్ విషయంలో మాత్రం చట్టం ఉన్నది. 2021 ఆగస్టులో ప్రకటించి, 2022 జులై 1 నుంచి దేశమంతటా అమలులోకి తెచ్చిన నిషేధంలో ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు, థర్మోకోలు అలంకరణలు, మిఠాయి పెట్టెల మీద, ఆహ్వానపత్రాల మీద చుట్టే ప్లాస్టిక్ పొర, నూరు మైక్రాన్లకు తక్కువైన పీవీసీ బ్యానర్లు, అన్నీ ఉన్నాయి. అంటే మన వేడుకలలో సగం సామాను నాలుగు మాటలలో నిషిద్ధమయినది. బజారులో దొరకడం మాత్రం ఆగలేదు. పైగా ఆ జాబితాలో నీళ్ళ సీసా లేదు. చిరుతిళ్ళ పొట్లాల పొరలు పొరలైన ప్లాస్టిక్ లేదు. చిన్న కార్ఖానాలో తయారయ్యే చెంచాకు నిషేధం. పెద్ద కంపెనీల సీసాకు తిరిగి సేకరించే బాధ్యత అనే మెత్తని మాట. ప్రపంచంలోనూ ఇదే వరుస. ప్లాస్టిక్ మీద అంతర్జాతీయ ఒప్పందం చేసుకోవాలని 2022 మార్చిలో నైరోబీలో తీర్మానించిన దేశాలు 2024లో బుసాన్‌లోనూ, 2025 ఆగస్టులో జెనీవాలోనూ కూర్చుండి, ఉత్పత్తిని తగ్గించాలా వద్దా అన్న చోట ఏకాభిప్రాయం కుదరక లేచిపోయాయి.

గృహస్థుకు నీతి బోధించి, తయారీదారుకు గడువు పొడిగించే విధానాన్ని నేను సమర్థించలేను. పన్నెండేళ్ళ పిల్లవాడి పట్టుదల ప్రభుత్వాల అలసత్వానికి సాకు కాకూడదు. అయితే ఒకటి ఒప్పుకోక తప్పదు. చట్టం వస్తువును నిషేధించగలదు. ఆ వస్తువుతో ఇన్నాళ్ళు నిలబెట్టుకుంటున్న మర్యాదకు మరొక దారి చూపలేదు. ఆ దారి ఇంటిలోనే వెదకాలి. ఉక్కునగరంలో అది ఒక ముసలమ్మ జ్ఞాపకంలోనూ, తాళం వేసిన పాత్రల గదిలోనూ దొరికినది.

బయలుదేరేనాడు టాటానగర్ స్టేషనుకు పెద్దాయన మనవడితో వచ్చారు. బండి కదలబోతుండగా నా చేతిలోని నీళ్ళ సీసాను పిల్లవాడు తీసివేసుకున్నాడు. పెద్దాయన సంచిలోనుంచి ఇత్తడి మరచెంబు ఒకటి తీసి నాకిచ్చారు. నరసన్నపేటనుంచి వచ్చినది అదేనట.

"అరువు సుమా, నాయనా! మనవరాలి వోణీల వేడుకకు వచ్చినప్పుడు తెచ్చి ఇవ్వాలి" అన్నారు.

మూత మర కొంచెం అరిగినది. బండి కుదుపులకు నీరు ఒలికి చొక్కా తడిసినది. అయినా ఢిల్లీ దాకా ఆ నీరే సరిపోయినది. నోటుపుస్తకంలో నా పేరు కూడా చేరి ఉంటుందని అనుకుంటున్నాను.